పెట్టెకు పెట్టిన బొట్టు

దయాసాగర్ మోకాళ్లు ఎప్పుడో చేతులెత్తేశాయి. అయినా ఉదయగిరి కొండవార ఈ గుట్ట మీదికి పెట్టెను మోసుకెక్కడం ఇది నాలుగోసారి. బ్యాటరీ, రౌటరు, మడిచే యాంటెన్నా, అన్నీ ఒక ప్లాస్టిక్ పెట్టెలో ఇరికించాడు. ఆత్మకూరు బస్టాండు వెనక టీవీలు బాగుచేసుకునే మనిషికి, సరదాకు వైర్‌లెస్‌లో మాట్లాడుకునే హామ్ రేడియో లైసెన్సు ఉన్నంత మాత్రాన, ఈ వయసులో ఇదేం పిచ్చి అని ఎవరైనా అడగొచ్చు. అడిగారు కూడా. మొదట అడిగింది పెళ్లాం రేణుకాదేవే.

పోయినేడు తుపానుకు సెల్ టవర్లన్నీ పడుకున్నాయి. ఈ గుట్ట కింద గొర్రెల దొడ్డిలో ఆమె తమ్ముడు శీనయ్యను పాము కరిచింది. ఎవరికీ ఫోను కలవలేదు. రేణుకాదేవికి కబురందేసరికి మట్టి చేసేశారు. అప్పట్నుంచి ఆమె గుట్ట కింది ఈ ఊరి మొహం చూడలేదు. తమ్ముడి పేరెత్తితే లేచి వంటింట్లోకి పోతుంది. దయాసాగర్‌కు ఓదార్చడం చేతకాదు. చేతనైంది ఈ పెట్టెలు చేయడమే. టవరు లేకున్నా, కరెంటు లేకున్నా ఒక పెట్టె ఇంకో పెట్టెను తనే వెతుక్కుని మాట అందిస్తుంది. ఆత్మకూరులో తమ మిద్దె మీద ఒకటి, కలిగిరిలో స్నేహితుడి మిద్దె మీద ఒకటి, ఇది మూడోది. ఇంట్లో గది నుంచి గదికి భేషుగ్గా పలికేది. గుట్టెక్కితే మాత్రం మూగనోము.

"ఈసారీ పలక్కపోతే పాత సామాన్లోడికి ఏసేస్తా" అని పొద్దున రేణుకాదేవి తెగేసి చెప్పింది.

ఈసారీ పలకలేదు.

"ఇంక చాల్లే అన్నా, కాస్త మజ్జిగ తాగు" అంది శీనయ్య భార్య వెంగమ్మ, దొడ్డి నుంచి పైకొచ్చి.

దయాసాగర్‌కు ఏడుపొక్కటే తక్కువ. అన్నీ విప్పేసి ఇంటికి పోదామని యాంటెన్నా వైరు మర తిప్పాడు. లోపల ఏదో గడ్డకట్టి ఉంది. గోరుతో గీకి చూస్తే పసుపు. దానిమీద కుంకుమ!

దసరాకు, ఇంకా గుట్టెక్కడం మొదలెట్టకముందు, షాపులో స్క్రూడ్రైవర్లకు కూడా ఆయుధపూజ చేసింది రేణుక. ఈ పెట్టెకు మాత్రం చచ్చినా బొట్టు పెట్టనంది. అందుకే అతను చూసుకోనేలేదు. ఎప్పుడు పెట్టిందో మహాతల్లి, దొంగచాటుగా, తడి పసుపు సందుసందునా మెత్తింది. దూరం మాట అందకుండా యాంటెన్నాకు అడ్డుపడింది అదే. "ఓసి నీ దుంప తెగ!" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

తువ్వాలు కొసతో శుభ్రంగా తుడిచి మళ్లీ బిగించాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది.

"ఏమయ్యా, ఇనపడతా ఉండాదా?" పెట్టెలోంచి, ఆత్మకూరు ఇంటి నుంచి రేణుక గొంతు.

"ఉండాది. వెంగమ్మ కూడా ఇక్కడే ఉండాది."

లింకు పోయిందేమోనని అతను వంగి చూశాడు. పోలేదు.

"వెంగమ్మా, ఆ పొద్దు వాడు నన్నడిగినాడా?"

వెంగమ్మ మజ్జిగ చెంబు కింద పెట్టింది. "అడిగినాడొదినా. అక్కకు ఫోన్ చెయ్యి, అక్కకు ఫోన్ చెయ్యి అంటానే పోయినాడు. నేను చేస్తానే ఉన్నా. కలవలేదొదినా."

"ఇప్పుడు కలిసిందిలేమ్మా" అంది రేణుక.

అని, భోరున ఏడ్చింది. ఏడాదిగా బిగబట్టిన ఏడుపు, గుట్టంతా వినిపించింది. దయాసాగర్ వాల్యూమ్ తగ్గించలేదు.