ఉమ్మడి పైలట్ కోటు

బావమరిది పోయిన రోజు ఫోర్‌మన్‌కి ఏడుపు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. కోల్డ్ స్టోరేజిలో ఏళ్ళ తరబడి పనిచేసినవాడికి వేళ్ళు మొద్దుబారడం కొత్త కాదు, గ్లౌజులు తీసి రుద్దుకుంటే తిమ్మిరి వదిలేది. ఇప్పుడు ఏం రుద్దుకోవాలో తెలియలేదు.

"తోడబుట్టినవాడిలా తిరిగారే, కంట తడైనా లేదు. మనిషేనా మీరు?" అంది భార్య. తమ్ముడు పోయిన మనిషి, అనదూ మరి! ఆ మాటకీ అతనికి ఏమీ అనిపించలేదు. ఇక ఎప్పటికీ ఇంతేనేమోనని మాత్రం భయం పట్టుకుంది.

బావాబావమరుదులది ఒకే పని, ఒకే పిచ్చి. పాత యుద్ధాల్లో విమానాలు నడిపినవాళ్ళ చలికోట్లు సేకరించడం. పగలంతా కంపెనీ ఇచ్చిన పల్చటి కోట్లలో గజగజ వణకడం, ఇంటికొచ్చి బీరువాలోని వెచ్చటి గొర్రెతోలు కోట్లు చూసి మురిసిపోవడం! వేసుకోవచ్చుగా అంటే ఇద్దరూ ఒంటికాలి మీద లేచేవాళ్ళు. వేసుకుంటే తోలు సాగుతుందట, లోపలి ఉన్ని అణిగిపోతుందట. అన్నిట్లోకీ మేలైన గోధుమరంగు కోటు ఇద్దరిదీ. ఆరునెలలు ఈ ఇంట్లో, ఆరునెలలు ఆ ఇంట్లో. చేతులు మారినప్పుడల్లా బల్లమీద పరిచి, టార్చి వేసి వాడిన గుర్తులు వెతికి, దెబ్బలాడుకునేవాళ్ళు.

"వేసుకున్నావు కదూ?"

"నా మీద ఒట్టు బావా!"

నిజం చెప్పాలంటే ఫోర్‌మన్ కూడా ఓసారి తలుపేసుకుని తొడుక్కున్నాడు. బొజ్జ దగ్గర జిప్పు పడలేదు. కిక్కురుమనకుండా బీరువాలో పెట్టేశాడు.

ఇవాళ బావమరిది భార్య ఆ కోటు తెచ్చింది. "ఇది మీ వంతు అన్నయ్యా" అంటూ బల్లమీద పెట్టింది.

అలవాటుగా టార్చి వేశాడు. కాలరు బాగుంది. మోచేతుల దగ్గర కొత్త ముడతలు. చంకల్లో ఉన్ని అణిగిపోయి ఉంది. జేబులో పిప్పరమెంటు కాగితం.

"వేసుకున్నాడు, దొంగవెధవ!" గట్టిగా అరిచాడు. ఇన్నాళ్ళకి ఒంట్లో ఏదో వేడి పుట్టింది.

"ప్రతి ఆదివారం అద్దం ముందు వేసుకునేవారు" అంది ఆమె మెల్లగా. "బావకి చెప్పకే, చంపేస్తాడు అనేవారు."

"ఒట్టు కూడా వేశాడమ్మా! చూడు, తోలు ఎలా సాగదీశాడో చూడు!" అంటూ రుజువు చూపించడానికి కోటు తొడుక్కున్నాడు. జిప్పు లాగాడు. ఎక్కడా ఆగకుండా బొజ్జ మీదుగా మెడదాకా వచ్చేసింది. లోపల ఇంకా చోటుంది.

"చూశావురా నీ నిర్వాకం?" అని తలెత్తాడు.

బల్లకి అవతలి కుర్చీ ఖాళీగా ఉంది. కాదని ఒట్టేసేవాడు లేడు. ఫోర్‌మన్ ఆ కోటుతోనే నేలమీద కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. భార్య వచ్చి పక్కన కూర్చుంది. కోటు విప్పమని ఎవరూ అనలేదు.