పొగకన్ను లేని గుడారం

ఆ పొద్దున ఆకాశం మాసిన గొర్రె ఉన్నిలా కొండల నడుం దాకా దిగింది. కనుమ సగం ఎక్కేసరికి మంచు కమ్మి రోడ్డు కనబడకుండా పోయింది. కెరిమ్‌కుల్ కారు ఆపాడు. మంచు తోసే బండి వచ్చేదాకా కదిలేది లేదు.

పక్కన అత్త బాత్మా. వెనక సీట్లో ఏడో నెల కడుపుతో భార్య అయ్‌జమాల్. పట్నంలో డాక్టరుకు చూపించాలి. పట్నంలో ఉన్న చిన్న కూతురికని అత్త తెచ్చిన గొర్రెపిల్ల అయ్‌జమాల్ ఒళ్ళో ఉంది, ఉన్నిని దట్టంగా తొక్కి చేసిన కొత్త కంబళి డిక్కీలో ఉంది.

అయ్‌జమాల్ వణకడం చూసి కెరిమ్‌కుల్ దిగాడు. ఆ కంబళిని కారు మీదుగా నేల దాకా కప్పి, తాడు చుట్టి, తన తలుపు వైపు నుంచి లోపలికి దూరాడు. ఇంజన్ ఆపలేదు, వెచ్చదనం కోసం.

"నా కంబళి నీ డొక్కు కారుకు శాలువానా అల్లుడా?"

"గుడారం కట్టినట్టే కట్టాను అత్తా. గాలి దూరే సందు లేదు."

"గుడారానికి నడినెత్తిన పొగకన్ను ఉంటది. దీనికేది?"

"పొగ వెనక గొట్టంలోంచి పోతది. ఇది నీ కాలం కాదు."

"పొగకు కాలమేంది?"

లోపల హాయిగా వేడెక్కింది. అయ్‌జమాల్ తలపోటన్నది. కొండ ఎత్తుకు అలాగే ఉంటుందిలే అన్నాడు. ఎర్రబడిన చెంపలతో ఆమె నిద్రపోయింది. ఆమెకు చలి తీరిందనుకున్నాడు.

కాసేపటికి అతనికి ఏదో తక్కువైనట్టు తోచింది. అత్త దెప్పడం మానేసింది. పెళ్ళయిన నాలుగేళ్ళలో ఎన్నడూ లేనిది. తిరిగి చూస్తే ఆమె తల అద్దానికి వాలి ఉంది. వెనక గొర్రెపిల్ల మెడ వేలాడుతోంది. వాసనేమీ లేదు. తన చేతులు మాత్రం తడిసిన ఉన్నిలా బరువెక్కాయి.

దీనికేది పొగకన్ను?

తాళంచెవి తిప్పి ఇంజన్ ఆపాడు. తలుపు నెట్టి, అడ్డొచ్చిన కంబళిని నడుముకున్న చాకుతో చీల్చి మంచులో పడ్డాడు. పాకుతూ పోయి తాడు కోసి, కంబళి లాగేసి తలుపులన్నీ తెరిచాడు. వెనక పొగగొట్టం మూతి మంచులో పూడిపోయి ఉంది.

గాలి కారులోకి దూరింది. రంగు లేదు, వాసన లేదు. ఇందాక ప్రాణం తీయబోయిన ఇంజన్ గాలీ ఇలాగే ఉంది, ఇప్పుడు పోస్తున్నదీ ఇలాగే ఉంది. అయ్‌జమాల్ నోటి నుంచి తెల్లని ఆవిరి లేచింది. మళ్ళీ లేచింది. తర్వాత అత్తది. చివరికి గొర్రెపిల్లది, పిడికెడంత. ముప్పై ఏళ్ళుగా తాను పీలుస్తున్నది ఇదేనా అన్నట్టు అతను మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయాడు.

అయ్‌జమాల్ కక్కుకుని, కళ్ళు తుడుచుకుని, అతని చెయ్యి లాగి కడుపు మీద పెట్టుకుంది. లోపల ఒక తన్ను.

"నా కంబళి కోశావా?" అత్త గొంతు పీలగా వచ్చింది.

"కోశాను అత్తా."

"పొగకన్ను ఇప్పుడు పెట్టావన్నమాట."

ఇంజన్ మళ్ళీ వేయలేదు. చిరిగిన కంబళి ముగ్గురూ కప్పుకున్నారు. దూరంగా మంచుబండి మోత వినబడుతుండగా అత్త రొట్టె విరిచి, చల్లబడ్డ మాంసం ముక్కలు పంచింది. రెండు వేళ్ళంత దించిన అద్దంలోంచి మంచు రొట్టె మీద రాలుతోంది. ఎవరూ అద్దం ఎత్తలేదు, నెమ్మదిగా నములుతూ కూర్చున్నారు.