పూడ్చిన పగుళ్లు

ఆ పొద్దున ఆకాశం ఏదీ తేల్చలేదు. తూర్పున కాసేపు తెల్లబడింది, అంతలోనే మబ్బు వచ్చి కప్పేసింది. వానా రాలేదు, ఎండా రాలేదు. మట్టిపని చేసేవాడికి ఇలాంటి రోజు ఎందుకూ పనికిరాదు. గోడ ఆరదు. అలాగని పని మానుకుని పడుకోనూ లేం.

షెడ్డు ముందు మెట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాను. నగరానికి వచ్చి నాలుగు రోజులైంది. మా ఊళ్లో మట్టిగోడలు పెట్టే మేస్త్రిని నేను. ఇప్పుడెవరూ పెట్టించుకోవడం లేదు కాబట్టి పెట్టేవాణ్ణి అనాలి. మా అక్క కూతురు ఫోన్ చేసి, “మామయ్యా, నా గోడ ఒరుగుతోంది, ఒకసారి వస్తావా” అంది. అది ఎక్కడి గోడ, ఎందుకు కట్టావు అని అడగలేదు. తాపీ సంచిలో వేసుకుని బస్సెక్కాను.

ఆ షెడ్డు ఒకప్పుడు సబ్బుల కార్ఖానా. ఇప్పుడు ఓ కుర్రాడూ ఇద్దరమ్మాయిలూ దాన్ని పంచుకుని బొమ్మలు చేస్తున్నారు. రాయి చెక్కడం, రంగులు పుయ్యడం కాదు. రోజూ మన కాళ్లకీ చేతులకీ తగిలే వస్తువులతోనే చేస్తారు. ఒకడు నూనె డబ్బాలు కత్తిరించి ఆకులు చేస్తాడు. ఒకమ్మాయి పాత చొక్కాల బొత్తాలు దారాలకు గుచ్చి, పైకప్పు నుంచి జల్లు పడుతున్నట్టు వేలాడదీస్తుంది. మా మేనకోడలిది మట్టి. అక్కడ ఎవరికీ కన్నవాళ్లు పెట్టిన పేర్లు చెల్లవు. వాడు డబ్బా, ఆ పిల్ల బొత్తాం, మా పిల్ల బురద. మొదటిరోజు బొత్తాం నన్ను చూసి, “ఒసే బురదా, మీ మామయ్య వచ్చాడే” అని లోపలికి కేకేస్తే, మా పిల్లనెవరో తిడుతున్నారనుకుని గుమ్మంలోనే ఆగిపోయాను.

నగరంలో పెద్ద ప్రదర్శనశాల ఒకటి ఉంది. దాన్ని చూసుకునే పెద్దావిడ శనివారం షెడ్డుకి వస్తుంది. ముగ్గురిలో ఒకరికి తన శాలలో చోటిస్తుంది. మా పిల్ల అంతకుముందు రెండుసార్లు అడిగి వట్టి చేతులతో తిరిగొచ్చింది. ఈసారీ కాకపోతే సోమవారం నుంచి టైల్స్ కొట్లో పనికి వెళ్తానని వాళ్లమ్మకు మాటిచ్చింది. ఆ పని చూసిపెట్టింది మా అక్కే. శనివారం తనూ వస్తోంది, కూతురి సామాను సర్దించి వెంటబెట్టుకుపోదామని.

నేను చెబుతున్నది గురువారం సంగతి.

గోడ షెడ్డు మధ్యలో ఉంది. నిలువెత్తు, పన్నెండడుగుల పొడవు. చెక్క చట్రానికి తడికె బిగించి, దాని మీద మట్టి మెత్తారు. వచ్చిన రెండు రోజుల్లో కింద ఇటుకలు సర్ది ఒరుగు తీసేశాను. గోడ నిలబడింది. కానీ దాని ముఖం నాకు చూడబుద్ధయ్యేది కాదు. పైనుంచి కిందిదాకా నెర్రెలు. కొన్నిట్లో వేలు పడుతుంది, కొన్నిట్లో వెంట్రుక పట్టదు. మట్టిలో గడ్డి కలపలేదు, ఊక కలపలేదు. ఈ నగరంలో గడ్డి ఎక్కడ దొరుకుతుందిలే పాపం అనుకున్నాను. పిల్లను అడగలేదు. తనూ చెప్పలేదు. మా ఇంటి మనుషులకు మాట బయటికి రావాలంటే ముహూర్తం చూడాలి.

ముగ్గురూ లైట్లు తేవడానికి వెళ్లారు. నేనూ గోడా మిగిలాం. పగిలిన గోడ ముందు మేస్త్రి చేతులు ముడుచుకుని కూర్చోవడమంటే, ముక్కు కారుతున్న పసివాణ్ణి చూస్తూ కూర్చోవడమే. చెయ్యి ఊరుకోదు.

మట్టి జల్లించాను. గోనెసంచి పీచు సన్నగా తుంచి కలిపాను. ఒక్కో నెర్రెనూ నీళ్లతో తడిపి, బొటనవేలితో మట్టి కూరి, పైన పల్చగా ఒక పూత వేసి, తాపీ వెనకవైపుతో రుద్దాను. మధ్యాహ్నానికి గోడ చంటిపిల్ల చెంపలా నున్నగా తయారైంది. చేతులు కడుక్కుని, పిల్ల వచ్చి చూస్తుందని బల్ల మీద కూర్చున్నాను. చాలాకాలం తర్వాత మంచి పని చేసినట్టనిపించింది.

ముందు డబ్బా వచ్చాడు. లైటు పెట్టె చేతుల్లో ఉంచుకునే ఆగిపోయాడు. వాడి వెనకాల బొత్తాం.

“మేస్త్రిగారూ,” అంది నెమ్మదిగా, “ఆ పగుళ్లేమయ్యాయండీ?”

“పూడ్చానమ్మా. మళ్లీ రావులే. పీచు వేశాను.”

“రావా?”

“పదేళ్లకి కూడా రావు.”

ఆ పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. “బొమ్మంటే ఆ పగుళ్లేనండీ. పంతొమ్మిది రోజులు బురద కాపలా కాసింది వాటికి. ఏది ఎటు పోతుందో రోజూ గీసుకుంది.”

మా పిల్ల అప్పటికే లోపలికి వచ్చి చూసింది. అరవలేదు. గోడ దగ్గరికి వెళ్లి అరచేత్తో ఒకసారి నిమిరింది.

“బాగా చేశావు మామయ్యా,” అంది. “చాలా నున్నగా ఉంది.”

తర్వాత వెళ్లి టీ గ్లాసులు కడగడం మొదలుపెట్టింది. కడిగినవే మళ్లీ కడిగింది. రెండు దెబ్బలు వేసినా నాకు అంత బాధ ఉండేది కాదు.

డబ్బా నా పక్కన కూర్చున్నాడు. “పోనీలెండి. టైల్స్ కొట్లో అన్నీ నున్నగానే ఉంటాయి. అలవాటు పడుతుంది.”

“నోరు ముయ్యరా,” అంది బొత్తాం.

నేను లేచి పిల్ల దగ్గరికి వెళ్లాను. నాకు తెలిసిన పని గురించే అడిగాను.

“ఎలాంటి పగుళ్లు కావాలే నీకు?”

“ఎలాంటివైతే ఏముందిలే మామయ్యా ఇప్పుడు.”

“అడిగిందానికి చెప్పు.”

గ్లాసు బోర్లించింది. “అమ్మ మడమల్లాంటివి.”

మా అక్క ఇరవై రెండేళ్లుగా లాండ్రీలో ఇస్త్రీ బల్ల ముందు నిలబడి పని చేస్తోంది. ఆ కాళ్లు నాకూ తెలుసు. చిన్నప్పుడు ఒకే దుప్పటి కింద పడుకున్నవాళ్లం. అప్పట్లో అవి మెత్తగా ఉండేవి.

“మడమ పగుళ్లు వలలా ఉండవు,” అన్నాను. “అంచున లోతుగా మొదలై, లోపలికి వచ్చేకొద్దీ సన్నబడతాయి. అంచున మందంగా, మధ్యలో పల్చగా పూత వేస్తే అలా వస్తాయి.”

పిల్ల తలెత్తింది. “నీకెలా తెలుసు?”

“నలభై ఏళ్లు అవి రాకుండా చూసుకోవడమే కదా నా పని. ఎందుకు వస్తాయో తెలియకుండా ఎలా ఆపుతాను? ఇసుక తగ్గిస్తే పలకలుగా లేస్తుంది. నీళ్లెక్కువైతే వల కడుతుంది. కింది పొర ఎండిపోయి ఉంటే పైపూతలోని తడి లాగేసుకుంటుంది, గంటల్లో విచ్చుకుంటుంది. నా దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడూ వీటన్నిటికీ నా చేత తిట్లు తిన్నాడు.”

“రేపటికి వస్తాయా?”

“ఆకాశం బాగాలేదు. గాలి కావాలి.”

“ఫ్యాన్లున్నాయి,” అన్నాడు డబ్బా లేచి నిలబడి. “పక్క వర్క్‌షాపులో రెండున్నాయి. అడుక్కొస్తాను.”

నా పూతంతా నేనే గీకేశాను. పిల్ల మట్టి తొక్కింది. ఇసుక వెయ్యొద్దన్నాను. తొట్టి అడుగున పేరుకున్న జిగురు బంకమన్నునే తియ్యమన్నాను. పిల్ల గోడ మీద బొగ్గుతో రెండు పెద్ద గీతలు గీసింది, ఇది ఎడమ మడమ, ఇది కుడి మడమ అని. గీత వెంబడి రెండు వేళ్ల మందం, లోపలికి గోరు మందం. ఇదీ పని.

వినడానికి తేలికే. చెయ్యి వినాలి కదా. పూత వెయ్యగానే నా చెయ్యి దానంతటదే వెళ్లి అంచులు నొక్కి, ఎగుడుదిగుళ్లు సర్దేస్తోంది. పిల్ల నా మణికట్టు పట్టుకుని ఆపుతోంది.

“మామయ్యా, చెయ్యి.”

“ఆఁ.”

కాసేపటికి మళ్లీ, “మామయ్యా.”

“చూసుకోలేదే.”

నాలుగోసారికి బొత్తాం వచ్చి నా తాపీ లాక్కుని దాని మీద కూర్చుంది. “ఇక చేత్తో వెయ్యండి. చేత్తో అయితే కొంచెం పాడుగా వస్తుంది.”

అలాగే వేశాను. నేర్చుకున్నదంతా పక్కన పెట్టి చెడ్డ పని చెయ్యడం, మంచి పని నేర్చుకోవడం కంటే కష్టమని ఆవేళ తెలిసింది. మొదట సిగ్గేసింది. తర్వాత సరదా పుట్టింది. చీకటి పడే వేళకి నేనే పిల్లతో, “అక్కడ ఇంకాస్త లావుగా వెయ్యి, ఇంత పద్ధతిగా వేస్తే ఏం పగులుతుంది” అంటున్నాను.

శుక్రవారం ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. మబ్బు అలాగే ఉంది. మధ్యాహ్నం దాకా గోడ కదల్లేదు. పిల్ల అన్నం మానేసి దాని ముందు కూర్చుంది. నాకు భయమేసింది. బంకమన్నును ఇంతకాలం బాగు చెయ్యడానికే పట్టుకున్నాను. చెడగొట్టడానికి నా మాట వింటుందో లేదో. మూడింటప్పుడు టిక్కుమని చిన్న చప్పుడైంది. గోరుతో గాజు మీద కొట్టినట్టు. ఎడమ మడమ అంచున వెంట్రుకంత గీత. తర్వాత ఇంకోటి. పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సాయంత్రానికి నా వేలు పట్టేంత వెడల్పయ్యాయి.

శనివారం అక్క ముందు వచ్చింది. చేతిలో రెండు సంచులు. సామాను సర్దుకోవడానికి ఒకటి, తిండికి ఒకటి. గోడను పక్కనుంచి చూసి, “ఇదేనా” అని ఓ మూల కూర్చుంది.

పెద్దావిడ పదింటికి వచ్చింది. రబ్బరు బూట్లు, మెళ్లో కళ్లజోడు. బొత్తాల కింద నిలబడి చాలాసేపు పైకి చూసింది. డబ్బా ఆకులు ముట్టుకుని, ఒక ఆకు గుచ్చుకుంటే నవ్వింది. గోడ దగ్గరికి వచ్చి రెండుసార్లు చుట్టూ తిరిగింది. కళ్లజోడు పెట్టుకుని వంగి, కిందున్న నెర్రెలోకి చూసింది.

“ఎవరు చేశారు ఇది?”

“మా మామయ్యా, నేనూ,” అంది పిల్ల.

ఆవిడ నావైపు తిరిగింది. “మీరేమంటారు దీన్ని?”

“చెడ్డ పని అంటారమ్మా మాలో. కావాలని చేశాం.”

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. “దీన్ని మా హాలుకి మోసుకెళ్లలేం కదా.”

“కదిపితే రాలిపోతుంది.”

“అయితే అక్కడికే వచ్చి వెయ్యండి. హాలు మొత్తం ఇవ్వలేను. ఒక గోడ ఇస్తాను, ఇంతకి మూడింతలు ఉంటుంది. ఆరుతున్నప్పుడే జనం వచ్చి చూడాలి.” పిల్ల వైపు చూసి, “ఆయన లేకుండా రావద్దు,” అంది.

ఆవిడ వెళ్లాక బొత్తాం మా పిల్లను గట్టిగా కావలించుకుని, తర్వాత అటు తిరిగి ముక్కు తుడుచుకుంది. “నాది వచ్చే ఏడాది. ఇంకో వెయ్యి బొత్తాలు పోగయ్యేసరికి ఎలాగూ ఏడాది పడుతుంది,” అంది. డబ్బా ఆకు ఒకటి వంచి మళ్లీ తిన్నగా చేశాడు.

అక్క మూలనుంచి లేచి వచ్చింది. ఈసారి గోడకు ఎదురుగా నిలబడింది.

“ఏంటే ఇవి?”

పిల్ల నావైపు చూసింది. నేను నేల చూశాను.

“నీ మడమలమ్మా.”

అక్క చాలాసేపు చూసింది. చెప్పు లోపల కాలి వేళ్లు ముడుచుకోవడం కనిపించింది. కోప్పడుతుందేమో అనుకున్నాను.

“కుడికాలిది ఇంకా లోతుగా ఉంటుందే,” అంది.

“అలాగా?”

“బరువంతా దాని మీదే కదా వేస్తాను.” గోడ మీది కుడి మడమను వేలితో చూపించి, “అక్కడ పెద్ద గోడ వేసేటప్పుడు చూసుకో. కావాలంటే నేనొచ్చి నిలబడతాను. ఆ టైల్స్ కొట్టాయనకి ఫోన్ చేసి నువ్వు రావని చెప్పాలి,” అంది. నావైపు తిరిగి, “నువ్వెప్పుడు తిన్నావురా ఆఖరిసారి?” అని అడిగింది.

సమాధానం కోసం చూడకుండా తిండి సంచి విప్పింది. పాత కాగితాలు నేల మీద పరిచింది. రొట్టె, ఉడికించిన గుడ్లు, ఉల్లిపాయలు, కాగితంలో చుట్టిన ఉప్పు. ఇద్దరికి తెచ్చిన తిండి. అయిదుగురం చుట్టూ కూర్చున్నాం. అక్క రొట్టె తుంచి అందరి ముందూ పెట్టింది. డబ్బా తన గుడ్డు పెంకు తీసి, సగం బొత్తాం వైపు జరిపాడు. ఆ పిల్ల తీసుకుంది. మా పిల్ల గోళ్లలో మట్టి ఇంకా ఉంది, అలాగే తింటోంది. ఫ్యాన్లు ఆపేసి ఉన్నాయి కాబట్టి నమిలే చప్పుడు వినిపిస్తోంది. అక్క ఉప్పు నావైపు తోసింది. అద్దుకుని తిన్నాను.