రెండేళ్ల సాయంత్రాలు

"ఎమోషన్లు పక్కన పెట్టి లెక్క చూద్దాం," అన్నాడు భర్త, సోఫాలో కాళ్లు చాపుకుని, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని. ఆమె అప్పుడు అతని చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తోంది. కూతురి యూనిఫారాలు, అత్తగారి బట్టలు ఇంకా పక్కన కుప్పగా పడున్నాయి. ఆదివారం మధ్యాహ్నమంటే ఆ ఇంట్లో అందరికీ కునుకు, ఆమెకి ఇస్త్రీ. ఇంతకీ ఆ ఎమోషన్లేమిటో ఆమెకే తెలీదు. పొద్దుట్నించీ ఆమె అన్నది ఒక్కటే మాట: సీటొచ్చింది, చేరేదీ లేనిదీ ఈ సాయంత్రంలోగా చెప్పాలట.

సీటు క్వాంటిటేటివ్ ఫైనాన్స్‌లో, అంటే మార్కెట్ లాభనష్టాల వెనకుండే లెక్కల్లో, మాస్టర్స్‌కి. ఉద్యోగం మానక్కర్లేదు, రెండేళ్లపాటు సాయంత్రం క్లాసులు. వినగానే అత్తగారు, ఆ పేరు పలకడానికే ఓ డిగ్రీ కావాలి కదమ్మా అని నవ్వింది. కాసేపయ్యాక నవ్వకుండా, పిల్ల చదువుకోవాల్సిన వయసులో నువ్వు చదువుకుంటానంటే ఎలా అంది. మాటలో చెడ్డతనం లేదు. ఆ ఇంట్లో ఎవరి మాటలోనూ చెడ్డతనం ఉండదు. అదే వచ్చిన చిక్కు. పోట్లాడదామన్నా పట్టు దొరకదు.

ఆమె పనిచేసేది బ్యాంకులో, రిస్క్ విభాగంలో. మార్కెట్ తలకిందులైతే బ్యాంకు ఎంత పోగొట్టుకుంటుందో కంప్యూటర్ మోడల్ ఒకటి రోజూ పొద్దున్నే అంకె వేసి చెబుతుంది. ఆ అంకెని రిపోర్టులో పెట్టి పైవాళ్లకి పంపడం ఆమె పని. ఏళ్ల తరబడి పంపుతూనే ఉంది, లోపలేముందో తెలీకుండా ఉత్తరాలు పంచే పోస్ట్‌మాన్‌లాగా. మొన్నీమధ్య ఆ అంకె ఉన్నట్టుండి ఎగిరి కూర్చుంది. ఎందుకని మేనేజరు అందరి ముందూ అడిగితే, కనుక్కుని చెప్తానంది. మోడల్ తయారుచేసే అతనికి పీహెచ్‌డీ ఉందని ఆఫీసులో అందరూ డాక్టరుగారంటారు. ఆమెకంటే చాలా చిన్నవాడు. మర్యాదగానే కుర్చీ చూపించి, "చెప్పినా మీకు అర్థం కాదు మేడమ్, లోపల చాలా మ్యాథ్స్ ఉంది. కరెక్టేనని రాసేయండి," అన్నాడు. రాసేసింది. రాసి కింద సంతకం కూడా పెట్టింది. ఒళ్లు మండిపోయింది. అతని మీదో తన మీదో తేలలేదు కానీ, మండడం మాత్రం నిజం. కాలేజీలో లెక్కలంటే పడి చచ్చిన మనిషి మరి! పెళ్లయ్యాక ఆ తెలివంతా పాల బిల్లు సరిచూడ్డానికి బ్రహ్మాండంగా పనికొస్తోంది.

అలాగని ఆమె గాల్లో మేడలేమీ కట్టలేదు. అదే కోర్సు చేసిన పై అంతస్తు కొలీగుని పట్టుకుని అడిగింది. ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది: జీతం పెరుగుతుందన్న గ్యారంటీ లేదు, మన వయసు చూసి ప్రమోషన్లు కుర్రాళ్లకే ముందు ఇస్తారు, నేర్చుకున్నదాంట్లో సగం వాడనే వాడను. మరి ఎందుకు చేసినట్టు అంటే, ఇప్పుడు మోడల్ తెరిచి నేనే చూసుకుంటాను, ఎవరి మొహమూ చూడక్కర్లేదు అంది. ఆ ముక్క వారం రోజులుగా ఆమె మనసులోంచి పోవడం లేదు.

"ఇదుగో, చూడు," అని భర్త లాప్‌టాప్ ఇటు తిప్పాడు. ఫీజు వేశాడు, పుస్తకాలు వేశాడు. సాయంత్రాలు ఆమె ఉండదు కాబట్టి వంటకి ఓ మనిషి, పాపకి ట్యూషను, అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి ఓ మనిషి, బట్టలు ఇస్త్రీకి బయటికి. అన్నీ కలిపితే ఆ ఖర్చు ముందు ఫీజు ఓ మూలకి కూడా రాదు, శుద్ధ నష్టమని తేల్చాడు. మొహంలో గెలిచిన సంతోషం.

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టి, వంగి చూసింది. ఇంట్లో ఏముంటుందిలే పని అని ఇన్నేళ్లూ అన్న మనిషే, ఆమెని ఆపడానికి ఆ పనులన్నిటికీ ఒక్కోటిగా ఖరీదు కట్టాడు. నవ్వొచ్చింది. కానీ ఇంకోసారి పైనించి కిందిదాకా చూసేసరికి నవ్వు పోయింది.

"లెక్క బాగుంది," అంది. "ఇందులో నువ్వెక్కడున్నావు?"

"నేనా? నేనెందుకుంటాను?"

వెటకారం కాదు, నిజంగానే అర్థం కాలేదు అతనికి. రెండేళ్ల సాయంత్రాలు ఎవరు పూడుస్తారా అని ఊరంతా వెతికాడు, ఊరి చివర ఇస్త్రీ బండి కూడా తోచింది. తన చేతులు రెండూ మాత్రం తోచలేదు. పైగా ఈ మనిషి సరేననాలని ఆమె పొద్దుట్నించీ ఎదురుచూస్తోంది! తనమీద తనకే జాలి కలిగింది, ఆ జాలి మీద కోపమొచ్చింది. చదువు దండగో కాదో ఆ కాలేజీకెళ్తేగానీ తెలీదు. ఇలా అడుగుతూ కూర్చోవడం మాత్రం దండగే.

ఫోను తీసి, కాలేజీవాళ్లు పంపిన మెయిల్ తెరిచి, చేరుతున్నానని నొక్కింది.

"సీటు ఒప్పుకున్నాను. ఫీజు నా జీతంలోంచి కట్టుకుంటాను," అంది, గొంతు పెంచకుండా. "జీతం పెరక్కపోయినా ఫర్వాలేదు. క్లాసులు వచ్చే నెల మొదలు. మనుషుల్ని పెట్టుకుంటావో, నువ్వే చేసుకుంటావో, ఆ లెక్క నువ్వు చూసుకో."