కూల్‌డ్రింకు మానిపించిన వైనం

ఓహాకా అనే కొండ ప్రాంతంలో నర్సును నేను. షుగరుంది, కూల్‌డ్రింకు మానెయ్యమని ఫెర్మీన్‌కు మూడు నెలలుగా చెబుతున్నాను. ఆయన తలూపుతాడు, తాగుతాడు. "రోగితో కాదు, ఇంటి పెద్దతో మాట్లాడాలి" అని శిక్షణలో నేర్పారు కదా అని, ఈసారి వాళ్లమ్మ ఎదువిహెస్‌ ముందు కూర్చున్నాను.

ముసలమ్మ అంతా విని లేచింది.

"ఒరేయ్, ఇవాళ్టి నుంచి నీకు చుక్క కూడా దక్కదు!"

ఇంట్లో ఉన్న సీసాలన్నీ తెచ్చి నా ముందు పెట్టింది.

"నాకొద్దు అమ్మమ్మా."

"మా ఇంట్లో పెట్టింది కాదంటావా? ఎంత అవమానం! తాగు తల్లీ."

నాకూ షుగరుందని ఏ మొహంతో చెప్పను? రెండు తాగాను. మూడోది ఎత్తుతుంటే, నేనిచ్చిన షుగరు మీటరునే ఫెర్మీన్‌ నా ముందుకు తోశాడు. తప్పక వేలు గుచ్చుకున్నాను. పైకెక్కిన అంకె చూసి, నింపాదిగా అడిగాడు.

"మీ అమ్మగారిల్లు ఎక్కడ నర్సమ్మా? రేపు నేనెళ్లి మాట్లాడతాను."