యాదమ్మ అరచేయి

ఉప్పు వేశానా, వేయలేదా? అరగంట నుంచి ఇదే ఆలోచన. నూట ఇరవై మందికి సరిపడా సాంబారు పొయ్యి మీద కుతకుతలాడుతోంది. ఉప్పు డబ్బా మూత తీసి ఉంది. వేయబోతుండగా అత్తమ్మ వెనక ఇంట్లోంచి పిలిచింది, సన్మానానికి నా భర్త ప్రవీణ్‌కు ఏ చొక్కా బాగుంటుందో వచ్చి చూడమని. వెళ్ళి నీలం చొక్కా అని చెప్పి వచ్చాను. వచ్చేసరికి ఏదీ గుర్తులేదు. ఇంకొకరైతే ఒక చుక్క అరచేతిలో వేసుకుని రుచి చూసుకుంటారు. నాకు ఆ వీల్లేదు.

మొదటి కారణం మా అత్తమ్మ ఈశ్వరమ్మ. ప్రొద్దుటూరు నుంచి మాదాపూరు వచ్చి పదిహేనేళ్ళయినా ఆవిడ వంటింటి చట్టం మారలేదు. దేవుడికి పెట్టకముందు వండినదాన్ని ఎవరూ నోట పెట్టకూడదు. కాపురానికి వచ్చిన మూడో రోజు చారు చుక్క నాలుక మీద వేసుకున్నానని, "ఎంగిలి చేస్తివి కదమ్మే, మీ ఇంట్లో ఇంతేనా" అంది. ఆ 'మీ ఇంట్లో' అన్నది పదకొండేళ్ళుగా గుచ్చుకుంటూనే ఉంది. అప్పటి నుంచి వాసనతో వండడం నేర్చుకున్నాను. ఆవిరి ముక్కుకు తగిలితే చాలు, ఉప్పు పడిందో లేదో చెప్పేసేదాన్ని. మా మెస్సు ఆ ముక్కు మీదే నడిచింది.

రెండో కారణం కరోనా. పోయిన ఏడు వేసవిలో జ్వరం వచ్చి తగ్గింది, వాసననూ రుచినీ మాత్రం పట్టుకుపోయింది. ప్రవీణ్‌కు చెబితే నవ్వాడు. "మంచిదే కదా, చెత్తబండి వచ్చినా ముక్కు మూసుకునే పన్లేదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "బయట చెప్పొద్దు, గిరాకీ పోతుంది" అన్నాడు.

గిరాకీ అప్పటికి మిగిలిందెక్కడ? సాఫ్ట్‌వేర్ పిల్లలు ఊళ్ళకు వెళ్ళిపోయి హాస్టళ్ళన్నీ ఖాళీ. వీధిలో షట్టర్లన్నీ దించే ఉన్నాయి. జబ్బుపడి గదుల్లో ఒంటరిగా ఉన్నవాళ్ళకు భోజనం డబ్బాలు పంపుదామన్నది నేను. అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టింది నేను. హాస్టల్ ఓనరు రామ్మోహనరావు గారు వాడకం లేక పడి ఉన్న తన గ్యాసు సిలిండర్లన్నీ మాకు ఇచ్చేశారు. ఇస్త్రీకి చొక్కాలే రాని నర్సయ్య తన మోపెడ్ మీద డబ్బాలు మోశాడు. జెరాక్సు షాపు రత్నమాల డబ్బాల మీద అంటించే చీటీలు కొట్టి ఇచ్చేది: 'కారం తక్కువ', 'పాలిచ్చే తల్లి', 'పెద్దాయన, మెత్తగా'. ఒకరిని పట్టుకుని ఒకరు, అలా మా వీధి బతికి బట్టకట్టింది.

మరి వాసన తెలియని నేను రోజుకు రెండు వందల డబ్బాలకు ఎలా వండాను? అంట్లు తోమే యాదమ్మ వల్ల. బస్సుల్లేని ఆ రోజుల్లో మసీదుబండ నుంచి నడిచి వచ్చేది. నా సంగతి ఆమెకు చెప్పుకుని ఏడ్చాను. చెంగుతో చేయి తుడుచుకుని అరచేయి చాచింది. పైనుంచి చుక్క వేశాను. "జర ఉప్పు పడాలె అక్కా. పులుపు మంచిగనే ఉంది" అంది. ఆ రోజు నుంచి ప్రతి వంటా ఆమె నాలుక దాటే బయటికి వెళ్ళింది. మెచ్చుకోలు మెసేజులన్నీ ప్రవీణ్ ఫోనుకు వచ్చేవి. అత్తమ్మ, "నేను నేర్పిందే గదా" అని మురిసిపోయేది. నేను ఊరుకునేదాన్ని.

మొన్న అత్తమ్మ ఉన్నట్టుండి వంటగదిలోకి వచ్చింది. యాదమ్మ అరచేయి నోటి దగ్గర ఉంది. "దీని ఎంగిలా ఇన్నాళ్ళూ జనానికి పెట్టింది? రేపట్నించి దీన్ని రానీయొద్దు" అంది. యాదమ్మ నా వైపు చూసింది. నేను పొయ్యి వైపు చూశాను. ఆ పని ఎందుకు చేశానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "సన్మానం అయ్యేదాకా అమ్మతో పెట్టుకోవద్దు" అన్నాడు ప్రవీణ్. కష్టకాలంలో వీధిని నిలబెట్టినందుకు వ్యాపారుల సంఘం ఇవాళ అతనికి శాలువా కప్పుతోంది. వంట మాత్రం నాదే.

బయట షామియానా కింద మైకులో అతని గొంతు వినబడింది. "ఇదంతా మా అమ్మ చేతి రుచి అండీ. ఆమె నేర్పింది, నేను నడిపాను." చప్పట్లు మోగాయి. కోపం రావాలి. రాలేదు, కాళ్ళు మాత్రం లాగేస్తున్నాయి. పీట మీద కూలబడి ఫోను తీశాను.

"యాదమ్మా, మొన్న నాదే తప్పు. వస్తావా?"

"అమ్మ ఏమంటదో అక్కా."

"నేను మాట్లాడతాను. ఆటోలో రా."

మైకు దొరికినవాళ్ళు అంత తొందరగా వదలరు, అదొక్కటే నాకు ధైర్యం. యాదమ్మ వెనక గుమ్మంలోకి వచ్చేసరికి, ముందు గుమ్మంలోంచి రామ్మోహనరావు గారు వచ్చారు. "విస్తళ్ళు వేసేశారు శ్రావణమ్మా, వడ్డించేద్దామా అండీ?" ఆయన వెనక శాలువాతో ప్రవీణ్, పట్టుచీరలో అత్తమ్మ.

"ఇది మళ్ళీ వచ్చిందా?" అంది అత్తమ్మ.

గరిట తీసుకున్నాను. "అత్తమ్మా, ఏడాదిగా నాకు వాసన తెలియదు, రుచి తెలియదు. ఇందాక బయట అందరూ చప్పట్లు కొట్టింది యాదమ్మ నాలుకకు."

ప్రవీణ్ నోరు తెరిచి, రామ్మోహనరావు గారిని చూసి మూసుకున్నాడు. యాదమ్మ అరచేయి చాచింది. చుక్క వేశాను. నోట పెట్టుకుంది.

"ఉప్పే వెయ్యలె అక్కా."

ఉప్పు వేసి, అడుగు దాకా కలిపి, మళ్ళీ ఆమె అరచేతిలో పోశాను. "ఇగ పెట్టొచ్చు" అంది. అప్పుడు నా అరచేతిలోనూ ఒక చుక్క వేసుకున్నాను. కాలింది, అంతే, ఏ రుచీ తెలియలేదు. అయినా అత్తమ్మ చూస్తుండగానే నాకి, వడ్డనకు గిన్నె దించాను.