మైకమ్మ తర్జుమా

సీసాల ఫ్యాక్టరీలో అందరూ ఆమెను మైకమ్మ అనేవారు. అసలు పేరు సంతకం పెట్టేటప్పుడు తప్ప ఆమెకే గుర్తొచ్చేది కాదు. మేనేజరుకు ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు, కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళకు ఇంగ్లీషు రాదు. ఆ ఇద్దరి మధ్యా మైకు పట్టుకుని నిలబడడమే ఆమె ఉద్యోగం. షిఫ్టు మారే వేళ ప్యాకింగ్ షెడ్డులో, పేర్చిన అట్టపెట్టెల ముందు నిలబడి మేనేజరు ఒక ముక్క అనేవాడు. ఆమె ఒక ముక్క అనేది.

ఆమె అన్నయ్య అక్కడే కొలిమి మేస్త్రి. చెల్లెలు మైకందుకోగానే పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి, "మా చెల్లెలే" అనేవాడు. ఆ సంగతి తెలియనివాడు షెడ్డు మొత్తంలో ఒక్కడూ లేడు. అయినా అనేవాడు.

ఆ ఏడాది మొదట్లో మేనేజరు మార్కెట్ "స్లో" అన్నాడు. దానికి తర్జుమా అక్కర్లేకపోయింది. స్లో, డల్, డౌన్ అనే మాటలు అందరి నోళ్ళలోనూ నానేవే. వ్యాపారం డల్లు, అల్లుడి మొహం డల్లు, బీపీ డౌను, ఫోన్లో ఛార్జింగ్ డౌను. ఇన్నిటితో వేగుతున్నవాళ్ళను మార్కెట్ స్లో ఏం బెదిరిస్తుంది? చేతులు దులుపుకుని పనిలోకి వెళ్ళిపోయారు.

కొన్నాళ్ళకు "డౌన్‌టర్న్" అన్నాడు. ఆమె ఓ క్షణం తడుముకుని, "గిరాకీ కాస్త తగ్గుముఖం పట్టింది" అంది. ఓవర్‌టైమ్ ఆగిపోయింది. అయినా జనానికి ఆ మాట భలే నచ్చింది. క్యాంటీన్‌లో టీ పల్చబడితే, "టీకి డౌన్‌టర్న్ వచ్చిందిరోయ్" అన్నారు. ప్యాకింగ్ చేసే ముసలాయనకు నడుం పట్టేస్తే, "తాతకు డౌన్‌టర్న్" అన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది తాతే.

ఎండలు ముదిరాక వచ్చిన మాట "డిప్". అది విన్నాక వచ్చిన ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య, వదిన ఆమె ఇంటికి వచ్చారు. ఆమె ఆరిన బట్టలు మడతపెడుతోంది. అన్నయ్య కుర్చీ లాక్కుని కూర్చుని, గొంతు సవరించుకున్నాడు.

"చెల్లీ, ఓ మాట అడుగుతాను. ఊరవతల అద్దాల ఫ్యాక్టరీవాళ్ళు నన్ను రమ్మంటున్నారు. ఏదో ఒకటి రేపే తేల్చి చెప్పాలట. జీతం ఇక్కడికన్నా తక్కువే. వెళ్ళనా, ఉండిపోనా?"

"నీకేమనిపిస్తోంది?"

"నాకనిపించడానికేముంది? మన మేనేజరు మొన్న ఏదో అన్నాడుగా, డిప్పని. అంటే ఏంటది?"

ఆమె చేతిలో దుప్పటి అలాగే పట్టుకుని ఆలోచించింది. "రోడ్డు మీద పల్లం వస్తుంది చూడు, బండి కాస్త దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. అదీ డిప్పంటే."

"మళ్ళీ ఎక్కుతుందన్నమాట."

"ఆ మాటకు అర్థం అదే అన్నయ్యా."

"నువ్వు చెప్పాక ఇంకేం కావాలమ్మా" అంది వదిన. గుండెల మీది బరువు దిగినట్టు నవ్వింది. అన్నయ్య అద్దాల ఫ్యాక్టరీకి ఫోన్ చేసి రానని చెప్పేశాడు.

వానలు తగ్గేసరికి ఒక షిఫ్టు ఎత్తేశారు. ఆ మర్నాడు మీటింగుకు ముందు మేనేజరు తన గదిలో ఆమెకు కొత్త మాట చెప్పాడు. "స్లంప్". ఇది డిప్ కంటే పెద్దదా అని ఆమె అడిగింది. రెండూ ఒకటేననీ, భయపెట్టకుండా చెప్పమనీ అన్నాడతను, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే. బయటికొచ్చి ఫోన్లో నిఘంటువు చూసింది. ఒక్కసారిగా కుప్పకూలడం అని ఉంది. మైకులో మాత్రం, "గిరాకీ ఇంకాస్త తగ్గింది" అంది. ఆ "ఇంకాస్త" దగ్గర ఆగింది. నీళ్ళు తాగి మిగతాది పూర్తిచేసింది.

సాయంత్రం ఇంటికి కూడా పోకుండా నేరుగా అన్నయ్య దగ్గరికి పరిగెత్తింది. "అద్దాల ఫ్యాక్టరీవాళ్ళకి ఫోన్ చెయ్యి అన్నయ్యా. ఇప్పుడే చెయ్యి."

ఆమె ఎదుటే చేశాడు. అవతలివాళ్ళు ఆ పనిలో ఇంకెవర్నో ఎప్పుడో పెట్టుకున్నారట. "సర్లెండి" అని ఫోన్ జేబులో వేసుకున్నాడు.

"డిప్పన్నావు కదమ్మా" అంది వదిన పొయ్యి దగ్గర్నుంచి. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే మైకమ్మ ఏదో ఒకటి చెప్పుకునేది.

ఆఖరి మీటింగుకు షెడ్డు నిండిపోయింది. మేనేజరు చాలాసేపు మాట్లాడాడు. "వైండింగ్ డౌన్" అన్నాడు, ఇంకా ఏవేవో మెత్తటి మాటలు అన్నాడు. కార్యకలాపాలు క్రమంగా తగ్గించుకుంటున్నామని చెప్పమని ఆమెకు ముందే నూరిపోశాడు. ఆమె మైకు అందుకుంది. మూడో వరసలో అన్నయ్య చేతులు కట్టుకుని, నేల చూపులు చూస్తున్నాడు.

"ఫ్యాక్టరీ మూసేస్తున్నారు" అంది.

తాత లేచి నిలబడ్డాడు. "కొన్నాళ్ళకేనా తల్లీ?"

"కాదు తాతా. ఇక తెరవరు."

తన అంత పొడుగు ఉపన్యాసం ఇంత పొట్టిగా ఎలా అయిందో మేనేజరుకు అర్థం కాలేదు. ఏం చెప్పావని ఇంగ్లీషులో అడిగాడు. మీరన్నదే చెప్పానంది.

మర్నాడు కొలిమికి గ్యాస్ ఒక్కసారిగా కట్టేయమని పైనుంచి చెప్పారు. అన్నయ్య ఒప్పుకోలేదు. ఒక్కసారిగా చల్లారిస్తే ఇటుక పగుళ్ళిస్తుందని, మంట రోజూ కొంచెం కొంచెంగా దించుతూ వచ్చాడు. లోపలి గాజు రసం ఎర్రటి ధారగా నీళ్ళ గుంటలోకి దిగి, బుసలు కొడుతూ ముక్కలైంది. ఆమె అతనికి అన్నం పట్టుకెళ్ళింది.

"ఎందుకన్నయ్యా ఈ శ్రమ? ఎలాగూ పడగొట్టేస్తారుగా."

"పడగొట్టేవాళ్ళు పడగొట్టుకుంటారు. నా చేతిలో మాత్రం పగలకూడదు."

చెయ్యి కడుక్కుని మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె పక్కనే కూర్చుంది. "ఆ రోజు నేను..." అని మొదలుపెట్టింది.

"నీ తప్పేం లేదులే. అర్థం అడిగాను, చెప్పావు." ముద్ద కలుపుతూ ఆగాడు. "కానీ నేనడిగింది ఆ మాట గురించి కాదే చెల్లీ. నా గురించి."

అతను మొత్తం తినకుండానే డబ్బా మూసి, మళ్ళీ కొలిమి దగ్గరికి వెళ్ళాడు.

తర్వాత అన్నయ్య ఓ గోడౌన్‌లో సరుకు దించే పనికి కుదిరాడు. మోకాళ్ళు వాచిపోతున్నాయని వదిన చెబుతుంది, అతను చెప్పడు. ఆమె ఒక ఆసుపత్రిలో రోగుల పేర్లు పిలిచే పనిలో చేరింది. ఆదివారాలు అన్నయ్య మానకుండా వస్తాడు. టీ తాగుతాడు, పిల్లల కబుర్లు చెబుతాడు, ఆమె వండింది బాగుందంటాడు. టీవీలో వార్తలు మొదలై, ఇంగ్లీషు మాటేదైనా పెద్ద అక్షరాల్లో తెర మీదికి వస్తే మాత్రం ఆమెనేమీ అడగడు. రిమోట్ అందుకుని ఛానెల్ మారుస్తాడు.